రాయించుకున్నాం, నెలకింత కట్టాం, చివరికి కొనుక్కున్నాం: మా మందుల ఏజెన్సీలో మూడు సాఫ్ట్‌వేర్ల అనుభవం

మాది గుంటూరులో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. మామయ్యగారు పెట్టింది. 2009 నుంచి బిల్లింగూ స్టాకూ నేనే చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళలో సాఫ్ట్‌వేర్‌ని మూడు రకాలుగా తెచ్చుకున్నాం. మొదటిది ఊళ్ళోనే ఒక ప్రోగ్రామర్‌తో రాయించుకున్నాం, రెండోది నెలనెలా డబ్బు కట్టి ఇంటర్నెట్ మీద వాడాం, మూడోది రెడీమేడ్ ప్యాకేజీ లైసెన్సు కొన్నాం, దానికి ఇప్పుడు ఐదో ఏడు. చుట్టాల్లో, తోటి ఏజెన్సీల్లో ఎవరు సాఫ్ట్‌వేర్ మార్చాలనుకున్నా "ఏది కొనమంటావు వదినా" అని నాకు ఫోన్ చేస్తుంటారు. ఏది అనే ముందు ఎలా తెచ్చుకోవాలో తేల్చుకోమని చెప్తాను, ఎందుకంటే మేం రెండుసార్లు దెబ్బతిన్నది అక్కడే. కంపెనీల పేర్లు రాయడం లేదు, పద్ధతుల మంచిచెడ్డలే రాస్తున్నాను.

మందుల వ్యాపారం తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త చెప్పాలి. ఒకే టాబ్లెట్ మా ర్యాకులో మూడు బ్యాచుల్లో ఉంటుంది, మూడింటికీ ఎక్స్‌పైరీ వేరు, ఒక్కోసారి ఎంఆర్‌పీ కూడా వేరు. కంపెనీ పదికి ఒకటి ఫ్రీ అని స్కీము ఇస్తుంది, తెనాలి షాపాయన ఐదే తీసుకుని సగం స్కీము ఇవ్వమంటాడు. కొన్నాళ్ళకి ఎక్స్‌పైరీ అయిన స్ట్రిప్పులన్నీ అట్టపెట్టెలో వేసి వెనక్కి పంపుతాడు, అందులో కొన్ని అసలు మా దగ్గర కొన్నవే అయి ఉండవు. ఏ బ్యాచ్ ఎవరికి ఏ బిల్లులో అమ్మామో వెంటనే కనపడకపోతే ఆ నష్టం మా నెత్తిన పడుతుంది. స్టాకిస్టుకి, అంటే మాలాంటి హోల్‌సేల్ వాళ్ళకి, మామూలుగా మిగిలే మార్జిన్ 8 నుంచి 10 శాతం, అందులోంచే జీతాలు, వ్యాను, అద్దె, బ్యాంకు వడ్డీ. కాబట్టి మాకు సాఫ్ట్‌వేర్ అంటే బిల్లు ప్రింటు తీసే మిషన్ ఒక్కటే కాదు.

మొదటిది ఫాక్స్‌ప్రోలో రాయించాం, అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత ప్రోగ్రామింగ్ సాధనం. నలభై అయిదు వేలు ఇచ్చినట్టు గుర్తు. ఆ అబ్బాయి రెండు వారాలు మా కౌంటర్ పక్కన స్టూలేసుకుని కూర్చుని మేం బిల్లు ఎలా కొడుతున్నామో చూశాడు, నాకు ఏ వరసలో చెయ్యి పోతుందో అదే వరసలో గడులు పెట్టాడు. మౌస్ ముట్టుకునే పని లేదు, ఎంటర్, ఎంటర్, బ్యాచ్ ఎంచుకో, ఎంటర్. ఇరవై ఐటమ్‌ల బిల్లు రెండు నిమిషాల్లో అయిపోయేది. ఈ రోజుకీ చెప్తాను, వాడకంలో అంత హాయిగా ఉన్న సాఫ్ట్‌వేర్ మళ్ళీ నాకు దొరకలేదు. మన పని తీరుకి కొలతలు తీసి కుట్టించుకున్న జాకెట్టుకీ షాపులో తెచ్చుకున్నదానికీ ఉండే తేడానే.

మరి ఏం తప్పు చేశాం? సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు ప్రోగ్రాము, తీసుకోలేదు. అడగాలని కూడా మాకు తెలియదు. అగ్రిమెంటు లేదు, నోటిమాట మీద నడిచింది. 2015లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఫాక్స్‌ప్రోకి సపోర్ట్ ఆపేశారని ఎవరో చెప్తే బాగానే నడుస్తోందిగా అని ఊరుకున్నాం. 2016లో ఆ అబ్బాయి విదేశాలకి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా జీఎస్టీ వచ్చింది.

2017 జులై 1, శనివారం. వ్యాట్ రోజుల్లో బిల్లులో పన్నుకి ఒకటే గడి. జీఎస్టీలో కేంద్రానికి వెళ్ళే సీజీఎస్టీ వేరు, రాష్ట్రానికి వెళ్ళే ఎస్‌జీఎస్టీ వేరు, పార్టీది, అంటే కొనే షాపుది, పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు, ఐటమ్‌కి అది ఏ రకం సరుకో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడు, ఎక్కువ మందులకి అప్పట్లో 12 శాతం, ఇన్సులిన్‌కి 5, ఫుడ్ సప్లిమెంట్లకి 18. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క గడి పెంచే మనిషి లేడు. ప్రెస్సులో బిల్లు పుస్తకాలు కొట్టించి, కార్బన్ పెట్టి చేత్తో రాశాం. పదకొండు రోజులు. నా పక్కన గోడకి అట్టముక్క మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు అంటించుకున్నాను, దాని వంక చూసి చూసి మందుల కోడు 3004 అంకె కలలోకి కూడా వచ్చేది. రాత్రి పదిన్నరకి మామయ్యగారు ఒక బిల్లు తీసి మళ్ళీ కూడితే నాలుగు వందలు తేడా, ఆయన ఏమీ అనలేదు, చొక్కా జేబులోంచి పెన్ను తీసి నా పక్కన కూర్చుని తనూ రాయడం మొదలుపెట్టారు. సాఫ్ట్‌వేర్ విషయంలో నేను ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం ఆ రాత్రే.

ఒక్క సంగతి మాత్రం ఆ పాత దాని గురించి ఒప్పుకోవాలి. మా డేటా డీబీఎఫ్ ఫైళ్ళలో మా కంప్యూటర్‌లోనే ఉంది, అవి ఎక్సెల్‌లో తెరుచుకున్నాయి. పార్టీల బాకీలు, ఐటమ్‌ల జాబితా, బ్యాచుల నిల్వ మొత్తం రెండు రోజుల్లో బయటికి వచ్చేశాయి. అది ఎంత పెద్ద అదృష్టమో తర్వాత తెలిసింది.

ఆ కంగారులో రెండోది పట్టుకున్నాం. ఇంటర్నెట్ మీద నడిచేది, ఒక్కో యూజర్‌కి నెలకింత. చేతి నుంచి పెద్ద మొత్తం పెట్టక్కర్లేదు, మర్నాడే మొదలుపెట్టొచ్చు అన్నారు, అది నిజమే. న్యాయంగా చెప్పాలంటే దాని వల్ల మేలు జరిగింది. పన్ను నిబంధన ఏది మారినా మా ప్రమేయం లేకుండా అదే సర్దుకునేది. 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) వచ్చినప్పుడు మేం టెన్షన్ పడలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెడితే మందులకి మినహాయింపు ఉన్నా స్టాఫ్‌లో సగం మంది ఊళ్ళ నుంచి రాలేకపోయారు, నేను ఇంట్లోంచి బిల్లులు కొడితే గోడౌన్‌లో ఒక్క కుర్రాడు ప్రింటు తీసి సరుకు కట్టాడు. ఆ రెండు నెలలు పాత సాఫ్ట్‌వేర్ అయితే షట్టర్ దించుకోవాల్సిందే.

కానీ అది చెప్పుల షాపుకీ, హార్డ్‌వేర్ షాపుకీ, మాకూ ఒకటే. బ్యాచ్ అనేది దానికి తర్వాత అతికించినట్టుండేది. ఎక్స్‌పైరీ రిటర్నుకి దారే లేదు, మామూలు సేల్స్ రిటర్నుగా ఎక్కిస్తే ఆ పాడైన స్ట్రిప్పులు మళ్ళీ అమ్మకం స్టాకులో కలిసిపోయేవి, అంచేత ఎక్స్‌పైరీకి వేరే ఉత్తుత్తి గోడౌన్ ఒకటి సృష్టించి, నెలాఖరున చేత్తో సరిచూసుకునేవాళ్ళం. అడిగితే లిస్టులో పెట్టాం అనేవాళ్ళు. మూడేళ్ళు లిస్టులోనే ఉంది. నెట్ పోయిందంటే పొద్దున పదింటికి వ్యాను బయట నిలబడి ఉండేది, సేల్స్‌మన్ లోపలికొచ్చి "మేడమ్, నరసరావుపేట లైను ఇవాళ పోతామా పోమా" అని అడిగేవాడు. మూడో ఏడు రేటు పెంచారు, నాలుగో ఏడు మళ్ళీ పెంచి అదనపు యూజర్‌కి వేరే ధర పెట్టారు. కాదంటే ఏం చేస్తాం, మా లెక్కలన్నీ వాళ్ళ దగ్గరున్నాయి.

అసలు దెబ్బ బయటికి వచ్చేటప్పుడు తగిలింది. డేటా ఎప్పుడైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చని మొదట్లో చెప్పారు. చేసుకున్నాం. ఇన్‌వాయిసుల ఫైలు వచ్చింది, అందులో బ్యాచ్ కాలమ్ లేదు. పార్టీ ఖాతాలు పీడీఎఫ్‌లో వచ్చాయి, అంటే చూసుకోవడానికే తప్ప ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి పనికిరావు. నాలుగు వేల చిల్లర ఐటమ్‌లు, వాటి బ్యాచులు, ఎక్స్‌పైరీలు ర్యాకుల ముందు నిలబడి ఒకరు చదువుతుంటే ఒకరు ఎంట్రీ కొట్టాం. నెలన్నర పట్టింది. పైగా జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళేమో ఖాతా మూసేశాక ముప్ఫై రోజులే చూడనిస్తామన్నారు, అందుకని నెలవారీ బిల్లులన్నీ పీడీఎఫ్‌లుగా దించుకుని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాం. ఆ పనికి పెట్టిన జీతాలు లెక్కేస్తే మేం "చవక" అనుకున్న నెల కిరాయి ఏ మాత్రం చవక కాదు.

మూడోసారి నేను తొందరపడలేదు. 2020 దీపావళి నుంచి 2021 మార్చి దాకా చూశాను. డెమోకి వచ్చే ప్రతివాళ్ళూ వాళ్ళ శాంపిల్ డేటా మీద చూపిస్తారు, అందులో ఏదైనా చక్కగానే నడుస్తుంది. నేను మా పాత బిల్లుల్లోంచి తలనొప్పి బిల్లులు ఐదు ఏరి జిరాక్స్ తీసి పెట్టుకున్నాను. సగం స్కీము ఉన్నది ఒకటి, ఒకే మందు రెండు ఎంఆర్‌పీల్లో పోయినది ఒకటి, పాత ఎక్స్‌పైరీకి మేమిచ్చిన క్రెడిట్ నోటు (బాకీలో తగ్గించే చీటీ) మొత్తం తగ్గించి షాపువాళ్ళు కట్టినది ఒకటి, పగిలిన సిరప్ సీసాలు కంపెనీకి క్లెయిము పెట్టినది ఒకటి, బ్యాచ్ నంబరు తప్పు కొట్టి మర్నాడు సరిదిద్దినది ఒకటి. వచ్చినాయన ముందు ఇవి పెట్టి "ఇవి కొట్టి చూపించండి" అన్నాను. ఇద్దరు మూడో బిల్లు దగ్గర ఆగిపోయారు. ఒకాయన అది తర్వాత చేసిపెడతామన్నాడు, ఆ మాట నేను మూడేళ్ళు విన్నాను కాబట్టి టీ ఇచ్చి పంపించాను. ఐదూ కొట్టి చూపించిన ప్యాకేజీ ఒకటే, మందుల వ్యాపారం కోసమే తయారుచేసింది. ఆయన్ని ఆరో పని అడిగాను: ఇప్పుడు ఇదంతా బ్యాచులతో సహా ఎక్సెల్‌లోకి తీసి నా పెన్ డ్రైవ్‌లో వెయ్యండి అని. వేశాడు. ఆ రోజే అడ్వాన్సు ఇచ్చాం.

లైసెన్సు ఒకసారి కొనడం, తర్వాత అప్‌డేట్లకీ సపోర్టుకీ ఏడాదికోసారి కట్టడం. కట్టకపోయినా సాఫ్ట్‌వేర్ ఆగదు, కొత్త అప్‌డేట్లు రావు, అంతే. ఈ ఒక్క షరతు రాతలో తీసుకున్నాను. పాత దానితో పాటు కొత్తది నెలరోజులు కలిపి నడిపాం, రెండుసార్లు బిల్లు కొట్టాలి కాబట్టి అందరూ విసుక్కున్నారు, కానీ ఆ నెలలోనే స్కీము లెక్కలో తేడా ఒకటి దొరికింది.

లోపాలు లేవని అనను. సర్వర్ కంప్యూటర్ మాది, బ్యాకప్ బాధ్యత కూడా మాదే. 2022 ఆగస్టులో హార్డ్ డిస్కు పోయింది, బ్యాకప్ ముందురోజు మధ్యాహ్నానిది, ఒకటిన్నర రోజు బిల్లులు ఆర్డరు చీటీలు ముందేసుకుని మళ్ళీ కొట్టాం. మా బిల్లు ఫార్మాట్ మాకు కావలసినట్టు మార్పించుకుంటే ఒక అప్‌డేట్‌తో అది చెరిగిపోయింది, అప్పటి నుంచి ప్యాకేజీని కదిలించే మార్పులు అడగడం మానేశాను. కంపెనీ కన్నా మనకి సపోర్టు ఇచ్చే లోకల్ డీలర్ ముఖ్యం అని కూడా తెలిసింది. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ ఎత్తే మనిషి కావాలి, అది కొనే ముందే ఆయన పాత కస్టమర్లు ఇద్దరిని అడిగి కనుక్కోండి.

అయితే చట్టం మారిన రోజు అది నిలబడింది. 2023 ఆగస్టు 1 నుంచి అయిదు కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళకి ఈ-ఇన్‌వాయిస్ పెట్టారు, మాకూ వర్తించింది. అప్‌డేట్ ముందే వచ్చింది, బిల్లు కొట్టగానే ప్రభుత్వ పోర్టల్‌కి వెళ్ళి అక్కడ నమోదై నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకుంటుంది. ఇక 2025 సెప్టెంబర్ 22న చాలా మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి, కొన్నిటికి పన్నే తీసేశారు. ముందురోజు ఆదివారం, మహాలయ అమావాస్య. ఇంట్లో భోజనాలయ్యాక సాయంత్రం షాపు తీసి కూర్చున్నాం. పన్ను మారితే ఎంఆర్‌పీ కూడా మారుతుంది: 112 రూపాయలున్న స్ట్రిప్పు 105కి దిగాలి, పెట్టె మీద మాత్రం పాత ధరే ఉంటుంది. కంపెనీలు పంపిన కొత్త ధరల జాబితాలు ఎక్కించి, ఒక్కో బ్యాచ్‌కి కొత్త ఎంఆర్‌పీ సరిచూసి, పది శాంపిల్ బిల్లులు కొట్టి చేత్తో లెక్క వేసుకున్నాను. రాత్రి పదకొండుకి ఇంటికెళ్ళాం. సోమవారం పొద్దున వ్యాన్లు టైముకి బయల్దేరాయి. మామయ్యగారు 2017 నాటి కార్బన్ బిల్లు పుస్తకం ఒకటి ఇంకా దాచారు, ఆ రోజు తీసి మా అబ్బాయికి చూపించారు.

ఇది అందరికీ సరిపోయే దారి అనడం లేదు. మా తమ్ముడికి బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది, వాళ్ళు ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు, ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగలిగేది) కాబట్టి లైసెన్సుకి పైసా లేదు, కానీ సర్వర్‌కీ, దాన్ని అమర్చి నడిపే మనిషికీ ఖర్చుంది. వాళ్ళ దగ్గర కంప్యూటర్లు తెలిసిన ఇంజనీర్ ఉన్నాడు కాబట్టి బాగా కుదిరింది, మా దగ్గర ఎవరున్నారు? ఇద్దరు ముగ్గురున్న చిన్న షాపైతే, స్టాకు లెక్క సులువైతే, నెల కిరాయిదే మేలు, డేటా బయటికి ఏ రూపంలో వస్తుందో మొదటి రోజే ఒకసారి తీసి చూసుకుంటే చాలు. రాయించుకోవడం అంటారా, మీ పని నిజంగా ఎవరి ప్యాకేజీలోనూ ఇమడనప్పుడే, అదీ సోర్స్ కోడ్ మీ చేతికి వస్తుందని కాగితం మీద ఉంటేనే. ప్రైవేట్ లిమిటెడ్ వాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చెరిపెయ్యడానికి వీల్లేకుండా రికార్డు ఉండాలి. మాది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి మాకు వర్తించదు, ఫైనల్ అకౌంట్లు ఎలాగూ ఆడిటర్‌గారు టాలీలో చేస్తారు, మా దాంట్లోంచి నెలకోసారి అందులోకి పంపుతాం.

హార్డ్ డిస్కు పోయిన దగ్గర్నుంచి ఒక పని అలవాటు చేసుకున్నాం. ప్రతి నెలా మొదటి ఆదివారం బ్యాకప్‌ని మూల పడేసిన పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందులోంచి గత నెల బిల్లు ఒకటి తీసి ప్రింటు కొడతాం. ప్రింటు మీద ఆ రోజు తేదీ వేసి ఫైల్లో పెడతాను. ఫైలు ఇప్పుడు నలభై కాగితాల దాకా వచ్చింది. పోయిన నెల ప్రింటు రాలేదు, చూస్తే బ్యాకప్ డిస్కులో చోటు నిండిపోయి ఆరు రోజులుగా కాపీ అవడం లేదు. కొత్త డిస్కు తెచ్చి పెట్టాం.