మూడో ‘డ్యూన్’ సినిమాకు ముందు చదవవలసిన రెండు నవలలు: పేపర్‌బ్యాక్‌ల సమీక్ష

డెనీ విల్నవ్ దర్శకత్వంలో ‘డ్యూన్’ మూడో భాగం 2026 డిసెంబర్ 18న విడుదలవుతుందని ప్రకటించినప్పటి నుంచి, బరంపురంలో ఇంగ్లీషు సినిమాలు ఇష్టంగా చూసే మిత్రులు నన్ను ఒకటే అడుగుతున్నారు. మొదటి రెండు భాగాలు చూసినవారు ఫ్రాంక్ హెర్బర్ట్ నవలలు కూడా కొని చదవాలా, లేక ఆ సినిమాలనే మరోసారి చూసుకుంటే సరిపోతుందా అని. ‘డ్యూన్’, దాని తరువాయి నవల ‘డ్యూన్ మెసయ్య’, రెండూ పేపర్‌బ్యాక్‌లో కొని చదివినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. కొని చదవాలి. గంజాం తీరంలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లయితే తప్పకుండా చదవాలి. సినిమాలు ఇసుకను ఎంతో గొప్పగా చూపించాయి గాని, ఆ ఇసుక కింద ఏం జరుగుతుందో, దాన్ని నిలబెట్టడానికి మనుషులు తరతరాలుగా ఏం చేస్తున్నారో చూపించలేదు. మూడో భాగానికి ఆధారమైన కథ అంతా దాని మీదే నడుస్తుంది.

అసలు ‘డ్యూన్’ నవల ఇసుకను ఆపే పనిలోంచే పుట్టింది. 1957లో హెర్బర్ట్ ఒక పత్రికా వ్యాసం కోసం అమెరికాలోని ఒరెగాన్ తీరంలో ఫ్లోరెన్స్ అనే ఊరి దగ్గరికి వెళ్లాడు. అక్కడ గాలికి కదిలే ఇసుక దిబ్బలు రోడ్లను కప్పేస్తుంటే, వ్యవసాయ శాఖ వారు యూరప్ జాతి గడ్డిని దిబ్బల మీద నాటి వాటిని కదలకుండా నిలబెడుతున్నారు. అనుకున్న వ్యాసం పూర్తి కాలేదు. దానికోసం మొదలుపెట్టిన చదువు మాత్రం ఏళ్ల తరబడి సాగి ఈ నవల అయింది. 1963 నుంచి 1965 వరకు ‘అనలాగ్’ పత్రికలో భాగాలుగా వచ్చాక, ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు తిప్పి పంపిన ఆ రచనను, కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపడ్డ చిల్టన్ సంస్థ 1965లో అచ్చు వేసింది. మరుసటి ఏడాది ఈ నవల సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో పురస్కారాన్ని మరో నవలతో పంచుకుంది. నవలల్లో తొలి నెబ్యులా పురస్కారం కూడా దీనికే వచ్చింది.

గోపాల్‌పూర్ నుంచి ఆర్జిపల్లి వైపు తీరం వెంట నడిచినవారికి ఆ గడ్డి కథ పరాయిదిగా తోచదు. మన దగ్గర ఆ పని సరుగుడు తోపులు చేస్తున్నాయి. వాటి ముందు, అలలకు దగ్గరగా, ఊదా పూల తీగ ఇసుకను అంటిపెట్టుకుని పాకుతుంది. దాని కణుపు కణుపుకీ వేళ్లు దిగి ఉంటాయి, తీగను పట్టి లాగితే చుట్టూ ఉన్న ఇసుక కూడా కొంత లేచి వస్తుంది. ఆ వెనక మొగలి పొదలు, వాటి వెనక సరుగుడు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోపులు ఎలా నేలమట్టమయ్యాయో చూసినవారికి, ఇసుకను నిలబెట్టడం ఒక్క తరంతో ముగిసే పని కాదని వేరే చెప్పనక్కరలేదు. అలాగే మన జాలరి పల్లెల్లో ఇసుకలో చెలమ తవ్వుకుని, అడుగున ఊరే నీటిని అంచులు కూలకుండా చిప్పతో మెల్లగా ముంచి బిందెలో పోసుకోవడం ఎరిగినవారికి, ‘డ్యూన్’లోని ఎడారివాసులైన ఫ్రెమెన్ ప్రజలు నీటి బొట్టును లెక్కపెట్టి దాచుకోవడం ఎక్కడో ఊహాలోకపు వింతగా అనిపించదు.

హెర్బర్ట్ గొప్పతనం ఆ నీటి లెక్కలోనే ఉంది. కథ నడిచే అరాకిస్ అనే ఎడారి గ్రహం మీద ఒంటి చెమటను, శ్వాసలోని తేమను తిరిగి తాగే నీరుగా మార్చే స్టిల్‌సూట్ తొడుక్కోకుండా ఎవరూ ఎడారిలోకి వెళ్లరు. చనిపోయినవారి ఒంట్లోని నీరు తెగకు చెందుతుంది. కథానాయకుడు పాల్ తన చేతిలో చనిపోయిన ఫ్రెమెన్ యోధుడు జామిస్ కోసం కన్నీరు పెట్టినప్పుడు, చుట్టూ ఉన్నవారు చనిపోయినవాడికి నీరు ఇస్తున్నాడని నివ్వెరపోతారు. రాజభవనం ముందున్న ఇరవై ఖర్జూరపు చెట్లు వంద మంది మనుషులకు సరిపడే నీటిని తాగుతున్నాయన్న మాట మొదటి సినిమాలో కూడా ఉంది, దాన్ని విల్నవ్ ఎంతో శ్రద్ధగా చిత్రించాడు. మనిషికి రోజుకు ఎనిమిది లీటర్లు, చెట్టుకు నలభై లీటర్లు అని లెక్క విడమరచి చెప్పింది మాత్రం నవలే.

సినిమాల మీద నాకు చిన్నచూపు ఏమీ లేదు. 2021 నాటి మొదటి భాగం 16.5 కోట్ల డాలర్లతో, 2024 నాటి రెండో భాగం 19 కోట్ల డాలర్లతో తీసినవి. జోర్డాన్‌లోని వాది రమ్, అబూధాబీ ఎడారుల్లో చిత్రించిన ఆ దృశ్యాలకు, హాన్స్ జిమ్మర్ సంగీతానికి, ఇసుక జారే చప్పుడును కూడా విడిగా వినిపించిన శబ్ద విభాగానికి దక్కిన గౌరవం న్యాయమైనదే. మొదటి భాగానికి ఆరు ఆస్కార్లు, రెండో భాగానికి రెండు వచ్చాయి. 1984లో డేవిడ్ లించ్ ఇదే నవలను రెండుంబావు గంటల్లో ముగించవలసి వచ్చి కథను ముద్దచేసిన సంగతి తెలిసినవారికి, విల్నవ్ ఒక్క నవలకే ఐదు గంటలకు పైగా సమయం తీసుకోవడం ఎంత మేలు చేసిందో అర్థమవుతుంది. అంత సమయం తీసుకుని కూడా వదిలేసినవాటిలో కొన్ని నాకు బాధ కలిగించాయి.

వాటిలో మొదటిది ఆ గ్రహం రాజధాని అరాకీన్‌లోని భవనంలో జరిగే విందు. భోజనశాల గుమ్మం దగ్గర నీళ్ల పళ్లేలు పెడతారు. అతిథులు అందులో చేతులు ముంచి, నీళ్లు నేల మీద ఒలకబోసి, తువ్వాళ్లను ఆ తడిలో పారేసి లోపలికి వెళ్లడం అక్కడి గొప్పవారి ఆచారం. విందు అయ్యాక ఆ తువ్వాళ్లను పిండితే వచ్చే నీటి కోసం బయట బిచ్చగాళ్లు కాచుకుని ఉంటారు. పాల్ తండ్రి డ్యూక్ లీటో ఆ ఆచారాన్ని అక్కడికక్కడే మాన్పించి, భోజనం జరుగుతున్నంత సేపూ వచ్చిన ప్రతివారికీ ఒక గ్లాసు నీళ్లు ఇమ్మని చెబుతాడు. ఆ గ్రహం రాజకీయమంతా ఆ ఒక్క గుమ్మం దగ్గర కనిపిస్తుంది. ఇది తెర మీద లేదు.

రెండోది గ్రహ శాస్త్రజ్ఞుడు లియెట్ కైన్స్ మరణం. సినిమాలో ఆ పాత్రను స్త్రీగా మార్చారు, దానికి నాకు అభ్యంతరం లేదు, ఆ నటి చక్కగా నటించింది. నవలలో కైన్స్‌ను శత్రువులు స్టిల్‌సూట్ లేకుండా ఎడారిలో వదిలేస్తే, ప్రాణం పోతున్న వేళ అతనికి చనిపోయిన తండ్రి గొంతు వినిపిస్తుంది. ఏ గడ్డి ఎక్కడ నాటాలి, గాలికి ఎగిరే ఇసుక రేణువును ఎలా పట్టి ఉంచాలి అంటూ తండ్రి పాఠం చెబుతూనే ఉంటాడు, కొడుకు అది వింటూనే చనిపోతాడు. ఆ అధ్యాయాన్ని నేను ఎన్నిసార్లు తిరిగి చదివినా దానిలోని నొప్పి తగ్గలేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది, స్పైస్ అనే మెరిసే పొడి పుట్టుక. రెండో సినిమా చూశాక ఛత్రపురంలో ఉండే మా మావయ్య, “ఒరేయ్, ఇంతమంది కొట్టుకు చచ్చేది ఆ మెరిసే పొడి కోసమేనా? అసలు అదెలా తయారవుతుందిరా?” అని అడిగాడు. ఆయన ఉండే ఊరి దగ్గరే కేంద్ర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఐఆర్ఈఎల్ వారి డ్రెడ్జర్ తీరపు ఇసుకను తోడుతుంది, అందులోంచి ఇల్మెనైట్, రుటైల్, జిర్కాన్, మోనజైట్ వేరుచేస్తారు. కనుక ఇసుకలో విలువైనది ఉంటుందన్న మాట ఆయనకు కొత్త కాదు, అది అక్కడికి ఎలా వచ్చిందన్నదే ఆయన సందేహం. స్పైస్ లేకపోతే గ్రహాంతర నౌకలు నడిపేవారికి దారి తెలియదని సినిమా ఒకటి రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్లిపోయింది. అది ఎలా పుడుతుందో నవల చెబుతుంది. ఆ ఎడారిలో ఉండే భారీ ఇసుకపురుగుల తొలి దశ జీవులు ఇసుక లోతుల్లో నీటిని చుట్టుముట్టి బంధిస్తాయి. వాటి విసర్జకాలు ఆ నీటితో కలిసి ఊరి, లోపల వాయువు పెరిగి, ఒక రోజు పేలి పైకి వస్తాయి. ఎండా గాలీ తగిలిన ఆ ముద్దే స్పైస్ అవుతుంది. పెరిగిన ఇసుకపురుగుకు మాత్రం నీరు విషం. రెండో సినిమాలో పిల్లపురుగును నీటిలో ముంచి చంపే దృశ్యం చూసినవారికి దాని వెనక ఉన్న కారణం ఇదే.

ఇప్పుడు దీనికి ఫ్రెమెన్ కలను జోడించి చూడండి. వాళ్లు మూడు వందల నుంచి ఐదు వందల ఏళ్లలో తమ గ్రహాన్ని పచ్చగా మార్చుకోవాలని, భూగర్భంలో నీటిని దాచిపెడుతూ, దిబ్బల మీద గడ్డి నాటుతూ వస్తున్నారు. గ్రహం పచ్చబడితే పురుగులు చస్తాయి. పురుగులు చస్తే స్పైస్ ఉండదు. స్పైస్ లేకపోతే సామ్రాజ్యం మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తన ప్రజలకు నీళ్లు ఇస్తానని మాట ఇచ్చిన పాల్, సింహాసనం ఎక్కాక ఆ నీటికే భయపడవలసిన స్థితిలో పడతాడు. మూడో సినిమా ఈ చిక్కును వదిలేసి యుద్ధాల మీదే నిలబడితే ఎంత ఖర్చు పెట్టినా అది సగం కథే అవుతుందని నా భయం. విల్నవ్ ఇంతవరకు చూపిన శ్రద్ధను బట్టి అలా జరగదని నా ఆశ.

మూడో సినిమాకు ఆధారమైన ‘డ్యూన్ మెసయ్య’ 1969లో వచ్చింది. మొదటి నవలలో సగం కూడా ఉండదు. కథ పన్నెండేళ్ల తర్వాత మొదలవుతుంది, పాల్ పేరు మీద జరిగిన యుద్ధాల్లో వేల కోట్ల మంది చనిపోయి ఉంటారు. నాయకుడిని దేవుడిని చేస్తే ఏమవుతుందో చెప్పడమే తన ఉద్దేశమని హెర్బర్ట్ తర్వాతి కాలంలో పలుమార్లు స్పష్టంగా చెప్పాడు. మొదటి నవలను వీరగాథగా చదువుకుని సంతోషించినవారికి ఇది చేదుగా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఇది అంత సుళువుగా సాగే పుస్తకం కాదు. చాలా భాగం మూసిన గదుల్లో నలుగురు కూర్చుని కుట్రలు మాట్లాడుకోవడమే, ఎడారి అక్కడక్కడ మాత్రమే కనిపిస్తుంది. చివరి యాభై పేజీలు మాత్రం ఆ శ్రమకు తగిన ఫలితం ఇస్తాయి. కథ ఇక్కడ విప్పను. ఒక్క విషయం చెప్పాలి: నవలలో పాల్ ప్రియురాలు చానీ మొదటి నుంచీ అతని పక్కనే ఉంటుంది, రెండో సినిమాలో ఆమె కోపంతో అతన్ని వదిలి వెళ్లిపోయింది. నవలలో అప్పటికే పుట్టిన పాల్ చెల్లెలు ఆలియా, సినిమాలో ఇంకా తల్లి కడుపులోనే ఉంది. ఈ రెండు మార్పుల వల్ల మూడో సినిమా ‘మెసయ్య’ను ఉన్నదున్నట్టు తీయడానికి వీలులేదు. పుస్తకం చదివితే సినిమా ముందే తెలిసిపోతుందని వెనకాడేవారు ఆ భయం పెట్టుకోనక్కరలేదు.

ఇక పుస్తకాల సంగతి. మొదటి నవల లావాటి పుస్తకం, చేతిలో పట్టుకుని పడుకుని చదవడానికి బరువే. కొనేముందు రెండు విషయాలు చూసుకోవాలి. చివర నాలుగు అనుబంధాలు ఉన్నాయా, పదకోశం, పటం ఉన్నాయా అని. అరాకిస్ పర్యావరణం మీద ఉన్న మొదటి అనుబంధమే ఈ సమీక్షలో నేను పొగిడినదానికి ఆయువుపట్టు; గడ్డితో దిబ్బను బంధించే విధానం అంచెలంచెలుగా అందులోనే ఉంది. పదకోశం దగ్గర ఒక దారం కట్టి ఉంచుకోండి, మొదటి వంద పేజీల్లో మాటిమాటికీ అక్కడికి వెళ్లవలసి వస్తుంది. ఫోనులో చదివేవారికి ఇలా ముందుకూ వెనక్కూ తిరగడం విసుగు పుట్టిస్తుంది కనుక ఈ ఒక్క నవలకు కాగితమే మేలు. బొమ్మల నవల రూపంలో వచ్చిన దాన్ని అసలు నవల అనుకుని కొనకండి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పుస్తకం అట్ట మూల మడతపడి వచ్చింది, పలచని కవరులో వేసి పంపారు. మార్చి ఇచ్చారు గాని చాలా రోజులు పట్టింది. దగ్గరలో పుస్తకాల దుకాణం ఉంటే చెప్పి తెప్పించుకుని, విప్పి చూసి తీసుకోవడం మంచిది.

మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మాధ్యమంలో చదువుకున్నవాళ్లం. హెర్బర్ట్ ఇంగ్లీషు మొదట్లో అడ్డం పడుతుంది. అటువంటివారు మొదటి అనుబంధాన్ని ముందు చదివి, తర్వాత మొదటి అధ్యాయానికి రావడం మంచిదని నా సలహా. కథ బయటపడిపోతుందన్న చింత లేదు, సినిమాలు చూసినవారికి ఎలాగూ కథ తెలుసు. రోజుకు ఒక అధ్యాయం చొప్పున చదివినా, తీరిక ఉన్నవారికి డిసెంబర్ లోగా రెండు నవలలూ పూర్తవుతాయి. ఆ తర్వాతది ‘చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్’, 1976లో వచ్చింది. పచ్చబడుతున్న గ్రహం మీద పురుగులకు ఏమవుతుందన్న ప్రశ్నను పూర్తిగా ఎత్తుకునేది అదే. దాన్ని మాత్రం సినిమా చూసి వచ్చాకే కొనుక్కోవచ్చు.