ఏ కోషర్ వైన్ మేలు? ముందు సీసా ఎవరి చేతిలో ఉంటుందో చూసుకోండి

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో యూదు స్నేహితుల ఇంటికి శుక్రవారం రాత్రి భోజనానికి వెళ్లే తెలుగువాళ్లు, వైన్ షాపులో కోషర్ (యూదుల ఆహార నియమాలకు సరిపడే) సీసాల ముందు నిలబడి ముందుగా ధర చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది వెనక లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే 'మెవుషాల్' అన్న మాట. అది ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఏ సీసా మేలో తేలుతుంది. ద్రాక్ష రకం, ఊరు, సంవత్సరం అన్నీ ఆ తర్వాతే.

రబ్బీ, అంటే యూదు మతగురువు, వచ్చి మంత్రం చదివితే వైన్ కోషర్ అయిపోదు. ద్రాక్ష చిదిమిన దగ్గర్నుంచి బిరడా బిగించేదాకా రసాన్ని ముట్టుకునే ప్రతి చెయ్యీ సబ్బాతు (శనివారపు విశ్రాంతి దినం) పాటించే యూదులదే కావాలి. తయారీ నిపుణుడు ఆ నిష్ఠలో లేని మనిషైతే, తను చేయించిన వైన్ పీపా కుళాయి తనే తిప్పకూడదు. నమూనా పక్కవాళ్లు తీసి ఇస్తారు. మడి కట్టుకుని వండే ఇల్లు చూసినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. సీసా తెరిచాక కూడా నియమం పోదు. మామూలు కోషర్ వైన్‌ను యూదులు కానివాళ్లు వంచి పోస్తే, నిష్ఠగా ఉండేవాళ్లు ఇక దాన్ని తాగరు.

మెవుషాల్ అంటే హీబ్రూలో 'వండినది'. వండిన వైన్‌ను విగ్రహారాధనలో వాడరన్న పాత లెక్క ప్రకారం దానికి ఈ అంటు లేదు, ఎవరు పోసినా పరవాలేదు. ఒకప్పుడు నిజంగానే మరిగించేవారు. దాంతో రంగు ఇటుకపొడిలా మారి, ఎండుద్రాక్ష పాకం వాసన వచ్చేది. కోషర్ వైన్‌కు చెడ్డపేరు రావడానికి అదొక కారణమైతే, కాంకర్డ్ ద్రాక్షతో చేసి చక్కెర దట్టించిన అమెరికన్ తీపి వైన్లు ఇంకో కారణం. ఇప్పుడు రసాన్ని వేడి పలకల మధ్య పల్చని పొరగా పంపి, ధృవీకరించే రబ్బీల ప్రమాణాన్ని బట్టి 75 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ దాకా కొద్దిసేపు వేడిచేసి, వెంటనే చల్లారుస్తారు. ఎర్ర వైన్లలో ఈ పని పులియబెట్టక ముందే చేస్తే నష్టం బాగా తగ్గుతుంది. వేడికి తొక్కల రంగు త్వరగా దిగుతుంది, వైన్ మెత్తగా, పండు రుచితో వస్తుంది. అయితే పదేళ్లు దాచి రుచి ముదరనిద్దాం అనుకుంటే మెవుషాల్ కొనకండి. రెండు మూడేళ్లలో తాగేయడానికే అది బాగుంటుంది.

కాబట్టి విందు మీ ఇంట్లో అయి, అందరికీ మీరే పోస్తుంటే మెవుషాల్ తప్ప వేరేది వద్దు. మీరే వాళ్లింటికి వెళ్తుంటే మామూలు కోషర్ సీసా హాయిగా పట్టుకెళ్లొచ్చు, సీలు ఊడకుండా చేతికిస్తే చాలు. పోసేది వాళ్లే. అక్కడ చొరవగా బిరడా తీసి గ్లాసులు నింపబోవడమే తెలియక చేసే పొరపాటు. ఎంత ఖరీదైన సీసా అయినా ఆ క్షణంలో వృథా అవుతుంది.

ఇక ఊరు. ఇజ్రాయెల్ వైన్ అనగానే కోషర్ అనుకోవద్దు. క్లో ద గాట్ లాంటి మంచి వైనరీ కోషర్ కాదు. కోషర్‌లో బహుమతి స్థాయి ఎర్ర వైన్‌కు పోటీ, నా లెక్కలో, గోలాన్‌కూ జూడియా కొండలకూ మధ్యే. కిబ్బుత్సులు, మొషావ్‌లు (ఉమ్మడి, సహకార వ్యవసాయ గ్రామాలు) కలిసి 1983లో కత్స్రిన్‌లో పెట్టిన గోలాన్ హైట్స్ వైనరీ తోటలు 400 నుంచి 1,200 మీటర్ల ఎత్తుదాకా ఉన్నాయి. నేల అగ్నిపర్వతపు నల్లరాయి, చలికాలంలో పై తోటల మీద మంచు పడుతుంది. చల్లని రాత్రుల్లో ద్రాక్ష నిదానంగా పండి పులుపు నిలుపుకుంటుంది. వీళ్ల యార్డెన్ కాబర్నే సావిన్యోన్ అనే ఎర్ర వైన్ 18 నెలలు ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో ఉంటుంది. నల్లపండ్ల రుచి, గట్టి వగరు, 14 శాతం దాటే ఆల్కహాల్. జెరూసలేం దగ్గరి దొమేన్ ద్యు కాస్తెల్ దారి వేరు. ఎలీ బెన్ జాకెన్ 1992లో 600 సీసాలతో మొదలుపెట్టారు. సున్నపురాయి నేల, ఫ్రాన్స్‌లోని బోర్డో పద్ధతిలో కలిపిన ద్రాక్షలు. వీళ్ల ప్రధాన వైన్ గ్రాన్ వాన్ ధర యార్డెన్‌కు రెట్టింపు పైనే, కానీ వగరు సన్నగా, నాలుక మీద పట్టులా ఉంటుంది. ఇది తర్వాతి కాలంలో కోషర్ అయింది, 1990ల నాటి పాత సీసాలు కావు.

ఒక్క సీసా కొనేవాళ్లకు నేను యార్డెనే చెబుతాను. ఏ ఏడు కొన్నా నిలకడగా ఉంటుంది, దొరకడమూ సులువు. అయితే గోలాన్ 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించుకున్న సిరియా భూభాగం. ఆక్రమిత ప్రాంతాల సరుకు మీద ఆ సంగతి లేబుల్‌పై ఉండాలని ఐరోపా న్యాయస్థానం 2019లో తీర్పిచ్చింది. అది మీకు పట్టింపు అయితే ఉత్తర ఇజ్రాయెల్‌లోని గలిలీలో ఉన్న డాల్టన్ వైనరీ సీసా తీసుకోండి.

సంవత్సరం విషయంలో ఒక జాగ్రత్త. ఇజ్రాయెల్ భూమికి ఏడేళ్లకోసారి షమీటా, అంటే విశ్రాంతి ఏడాది. 2022 పంట ఆ ఏడాదిదే. నిష్ఠ ఎక్కువున్న ఇళ్లలో కొందరు దాన్ని ముట్టరు. వాళ్లకిచ్చే సీసా 2021దో 2023దో అయితే ఏ ఇబ్బందీ ఉండదు.

పస్కా పండుగకైతే 'పస్కాకు కోషర్' అన్న ముద్ర ఉందో లేదో చూడండి. శాకాహారులు ఇంకోటి గమనించాలి. కోషర్ వైన్‌ను తేర్చడానికి చేప తిత్తి జిగురు వాడరు గానీ కోడిగుడ్డు తెల్లసొన వాడొచ్చు. గుడ్డు కూడా వద్దనుకుంటే వీగన్ గుర్తున్న సీసా తీసుకోవాలి.

మన కారానికి మాత్రం పైన చెప్పిన రెండు ఎర్ర వైన్లూ కుదరవు. 14 శాతం ఆల్కహాల్, వగరు, గుంటూరు మిరప కలిస్తే నోరు మండిపోతుంది. కోడి వేపుడు పక్కన నీలం సీసాలో వచ్చే బార్తెనూరా మోస్కాటో పెట్టండి. ఇటలీది, 5 శాతమే, తీపి, సన్నని బుడగలు. పైగా మెవుషాల్, ఎవరు పోసినా చెల్లుతుంది. మంచులాంటి చల్లదనం కావాలి దానికి. యార్డెన్‌ను మాత్రం అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 17 డిగ్రీల దగ్గర, గంట ముందే జగ్గులోకి వంచి గాలి తగలనివ్వండి. అడుగున మడ్డి కనబడితే చివరి రెండు వేళ్ల మందం సీసాలోనే వదిలేయండి.