లూర్దు వెళ్తే కింది బజారులో దిగకండి

ఫ్రాన్స్‌లోని లూర్దు వెళ్లే మనవాళ్లకు ముందే చెప్తున్నా, మేరీమాత కనిపించిన గుహకు దగ్గర కదా అని కింది బజారులో హోటల్ తీసుకోకండి. అసలు ఊరు పైన ఉంది. భోజనమూ, మర్యాదా అక్కడే ఉన్నాయి.

అమ్మకు గుణదల మేరీమాత అంటే ప్రాణం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లంటే ఎవరు ఆపినా ఆగదు. నాకు టులూజ్‌లో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి లూర్దు, లూర్దు అని ఒకటే పోరు. చివరికి బాబాయిని వెంటబెట్టుకుని వచ్చింది. టులూజ్ నుంచి రైల్లో సుమారు రెండు గంటలు, మనిషికి 24 యూరోలు, దారంతా హాయి.

హోటల్ దగ్గర మొదలైంది తంటా. రెండు గదులకు రాత్రికి 148 యూరోలు, నది కనిపిస్తుంది, టిఫిన్ కలిపే అని బుకింగ్ కాగితంలో ఉంది. కిటికీ తీస్తే ఎదురుగా పక్క హోటల్ వంటగది పొగగొట్టం. తల బయటికి పెట్టి మెడ తిప్పితే నది నిజంగానే ఓ జానెడు కనిపించింది! లిఫ్ట్ పనిచెయ్యదని కాగితం అంటించారు. మోకాళ్ల నొప్పులతో అమ్మ మూడో అంతస్తుకి మెట్టుకో మేరీమాతను తలుచుకుంటూ ఎక్కింది. పొద్దున బిల్లులో టిఫిన్‌కు మనిషికి 9.50 చొప్పున 28.50 వేశారు. కాగితం చూపిస్తే కౌంటర్‌లో ఆవిడ తలైనా ఎత్తకుండా ‘అది పాత రేటు’ అంది. ఆ టిఫిన్ ఎండిన రొట్టె, జామ్ పొట్లం, మెషీన్ కాఫీ. నేను గట్టిగా అడగబోతే అమ్మ, ‘మాత సన్నిధిలో గొడవెందుకే, ఇచ్చెయ్’ అంది. ‘మాత సన్నిధిలో మోసం చెయ్యొచ్చా మరి?’ అని బాబాయి. ఇక ఆ పూటంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

గుహ దగ్గర మాత్రం వంక పెట్టడానికి లేదు. 1858లో బెర్నదెత్ అనే అమ్మాయికి మాత కనిపించిన రాతిని అమ్మ రెండు చేతులతో తడిమి చాలాసేపు నిలబడిపోయింది. నీళ్లు కుళాయిల్లో ఉచితం. బజారులో ఖాళీ సీసాలకు 4 యూరోలు పెట్టకండి, ఇంటి నుంచి తెచ్చుకోండి. రాత్రి తొమ్మిదికి కొవ్వొత్తుల ఊరేగింపు. ఏ దేశం బృందం జెండా వాళ్లు పట్టుకుని నడుస్తారు.

మర్నాడు పై ఊళ్లోకి వెళ్తే ఒక బాల్కనీకి వెలిసిపోయిన ఎరుపు, నీలం జెండా వేలాడుతోంది. ‘ఇది ఏ దేశం బృందానిదిరా?’ అన్నాడు బాబాయి. దేశానిది కాదు, ఊరి రగ్బీ జట్టుది. కూరగాయల మార్కెట్ దగ్గర బార్‌లోకి వెళ్తే అదే జెండా అద్దం బిగించి గోడకు ఉంది. ఒక మూల చిరిగితే నల్లదారంతో కుట్టారు. అంచు వెంబడి తెల్లదారంతో అంకెలు: 48, 52, 53, 56, 57, 58, 60, 68. ఫ్రాన్స్ ఛాంపియన్లుగా నిలిచిన సంవత్సరాలట. ఈ చిన్న ఊరు ఎనిమిదిసార్లు!

మా ముఖాలు చూసి బార్ యజమానికి హుషారొచ్చింది. నేను తెలుగులోకి మారుస్తుంటే ఆయన ఆగడే. ఈ ఊళ్లో పుట్టిన జాన్ ప్రా 1954లో ఫ్రాన్స్‌కు కెప్టెన్. ఆ ఏడాది న్యూజీలాండ్‌ను 3-0తో ఓడిస్తే ఆ మూడు పాయింట్లూ ఆయనవే. ఇంగ్లిష్ పత్రికలవాళ్లే ఆయనకు ‘మిస్టర్ రగ్బీ’ అని పేరు పెట్టారట. 1958లో మాత కనిపించి నూరేళ్లయిందని ఊరికి లక్షల మంది జనం. అదే ఏడాది ఫైనల్లో మజామే జట్టును 25-8తో చిత్తు చేశారు. 1968 కథ ఇంకా బాగుంది. ఫైనల్లో అదనపు సమయం ఆడినా టూలోన్ జట్టుతో 9-9. మే నెలలో విద్యార్థుల, కార్మికుల అల్లర్లతో ఫైనల్ అప్పటికే జూన్‌కు వాయిదా పడింది, జాతీయ జట్టేమో న్యూజీలాండ్‌కు బయల్దేరాలి, మళ్లీ ఆడించే వ్యవధి లేదు. బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకు ఆనిస్తే ‘ట్రై’. టూలోన్ అది ఒక్కటి కూడా చెయ్యలేదు, వీళ్లు రెండు చేశారని కప్పు వీళ్లకిచ్చారు. కుర్రతనంలో కబడ్డీ ఆడిన బాబాయి, ‘న్యాయమే, కూతకెళ్లి తెచ్చినవాడిదే పాయింటు’ అని తీర్పిచ్చాడు. మూతి ముడుపు అక్కడితో పోయింది.

ఆ తర్వాత జట్టు కింది డివిజన్లకు పడిపోయింది. అది అడిగితే ఆయన జవాబు చెప్పకుండా గార్బ్యూర్ తెచ్చిపెట్టాడు. క్యాబేజీ, లావుపాటి తెల్ల చిక్కుడుగింజలు, బాతు మాంసం వేసి ఉడికించిన పులుసు, 13 యూరోలు. ఉప్పూ కారం తక్కువే, కానీ గింజ నోట్లో వెన్నలా కరిగింది. అమ్మ సంచిలోంచి పచ్చడి సీసా తీసి తనకు వేసుకుని, యజమానికీ ఓ చెంచా వడ్డించింది. ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూనే మళ్లీ అడిగాడు. కాఫీకి మా దగ్గర డబ్బులు తీసుకోలేదు.

గది మార్కెట్ చుట్టుపక్కల చూసుకోండి, మేం ఆ సాయంత్రమే అక్కడికి మారిపోయాం. రెండు గదులు 120, టిఫిన్ వేరే అని ముందే చెప్పారు. గుహకు నడిచి పావుగంట, దిగడం సులువే. తిరిగి ఎక్కేటప్పుడు పెద్దవాళ్లుంటే టాక్సీ పిలవండి, మాకు 9 యూరోలైంది.