పిస్టన్ గ్రూవ్ క్లీనర్ ఏళ్ల తరబడి వాడాక: 1/16 పన్నుతోనే నా పేచీ

పిస్టన్‌ను చుట్టూ కరుచుకుని, చక్రానికున్న పళ్లలో ఒకదాన్ని రింగు కూర్చునే గాడిలో, అంటే గ్రూవ్‌లో, దించి తిప్పే టూలు ఎలా ఉంటుందో ఇంజిన్ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాక్టర్లు, పాత డీజిల్ జీపులు ఎక్కువగా, కార్లు, బైకులు కాస్త తక్కువగా వచ్చే షెడ్డులో ఇది ఏళ్లుగా నలుగుతోంది. కార్బన్ గీకడంలో దీని వేగాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఆ చక్రం మీద 1/16 అని ముద్ర ఉన్న పన్నును మాత్రం క్షమించలేను. కొత్తగా కొన్నవాళ్లెవరైనా అడిగితే నేను మొదట చెప్పేది దాని గురించే.

టూలు అంగుళాల లెక్కలో పుట్టింది. మన బెంచీ మీదికొచ్చే పిస్టన్లలో ఎక్కువ భాగం మిల్లీమీటర్ల లెక్కలో పుట్టినవి. 1/16 అంగుళం అంటే 1.59 మి.మీ. మనకు వచ్చే పెట్రోల్ పిస్టన్లలో పై రింగు 1.5 మి.మీ. ఉంటే, దాని గ్రూవ్ కొత్తగా ఉన్నప్పుడు 1.53 దగ్గర ఉంటుంది. అంటే పన్ను గ్రూవ్ కంటే లావు. ఖాళీ గ్రూవ్‌లో పెట్టి చూస్తే అసలు దిగదు, అప్పుడు ఎవరైనా ఆగిపోతారు. గ్రూవ్ నిండా కార్బన్ పేరుకుని ఉన్నప్పుడే ప్రమాదం. పన్ను దిగకపోతే కార్బన్ అడ్డుపడుతోందనుకుంటాం, హ్యాండిల్ ఇంకాస్త నొక్కుతాం, అది దిగుతుంది. దిగింది కార్బన్‌లోకి కాదు, అల్యూమినియంలోకి.

మిగతా పళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 5/64 అంటే 1.98, రెండు మి.మీ. రింగు గ్రూవ్‌కు చక్కగా సరిపోతుంది. 5/32 అంటే 3.97, నాలుగు మి.మీ. గ్రూవ్‌లో హాయిగా తిరుగుతుంది. 3/16 పన్ను కాస్త అరిగి ఉంటే 4.75 ఆయిల్ రింగు గ్రూవ్‌కు పనికొస్తుంది. 3/32 మాత్రం 2.38, దాన్ని రెండున్నర గ్రూవ్‌లో పెడితే అడుగు శుభ్రమవుతుంది కానీ పక్క గోడల మీద సన్నటి కార్బన్ పొర మిగిలిపోతుంది. దాన్ని డీజిల్‌లో ముంచిన వెదురు పుల్లతో తీసుకోవచ్చు, నష్టం లేదు. 1/8 అంటే 3.18. దీన్ని మూడు మి.మీ. గ్రూవ్‌లోకి నెట్టడం 1/16 చేసే తప్పుకు అన్న లాంటిది. అయితే అక్కడ తేడా కంటికే తెలిసేంత ఉంటుంది కాబట్టి చాలామంది ఆగిపోతారు. 1/16 దగ్గర తేడా 0.06 మి.మీ.యే, కంటికి అందదు.

అది ఏం చేస్తుందో వివరంగా చూసే అవకాశం ఒక నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు ఇంజిన్ వల్ల దొరికింది. వేరే చోట ఓవరాలింగ్ అయ్యి, రింగులన్నీ కొత్తవి పడి, అయినా ఆయిల్ తాగుతోందని వచ్చిన బండి అది. వాల్వ్ సీళ్లు బాగున్నాయి. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, కొలిస్తే పైకీ కిందికీ తేడా (టేపర్) లేదు. రింగు గ్యాపులు సరిగ్గానే ఉన్నాయి. పిస్టన్లు బయటికి తీసి, రింగు అంచును గ్రూవ్‌లో పెట్టి సందులు కొలిచే సన్నటి ఉక్కు పత్తీల ఫిల్లర్ గేజ్ దూరిస్తే పై రింగు దగ్గర 0.11 మి.మీ. పత్తీ లోపలికి పోయింది. అదే గ్రూవ్‌లో, పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్ వైపుకొచ్చేసరికి ఒక చిన్న ముక్కలో 0.05 పత్తీయే బిగువుగా ఉంది. అక్కడ టూలు తిరగలేదన్నమాట. ఆ చిన్న ముక్కే మొత్తం కథ చెప్పింది. గ్రూవ్ అరిగి పెద్దదైతే అరుగుదల చుట్టూ మెల్లగా మారుతూ వస్తుంది, ఇలా మెట్టు కట్టినట్టు ఒక్కసారిగా మారదు. భూతద్దం పెట్టి చూస్తే కింది గోడ మీద చుట్టూతా గీతలు, సరిగ్గా పన్ను అంచు గీసినట్టు. మిగతా మూడు పిస్టన్లదీ అదే పరిస్థితి.

0.11 అంటే చాలా మాన్యువళ్లలో ఇంకా పాసే. పరిమితి 0.12 దగ్గరో 0.15 దగ్గరో రాసి ఉంటుంది. కానీ ఆ పరిమితి ఏళ్ల తరబడి అరిగి చేరుకోవాల్సిన అంకె. కొత్త రింగు పడిన రోజే అక్కడికి చేరితే ఇక మిగిలిందేమిటి? పైగా కింది గోడ గరుకుగా ఉంటే రింగు దాని మీద చదునుగా కూర్చోదు. పైనుంచి గ్యాసు, కింద నుంచి ఆయిలు దారి చేసుకుంటాయి. రింగు పైకీ కిందికీ కొట్టుకుంటూ ఆయిల్‌ను పైకి తోడుతుంది. ఆ బండికి చివరకు పిస్టన్ కిట్టే వేయాల్సి వచ్చింది. టూలు ఆదా చేసిన సమయమంతా అక్కడ పోయింది.

పని మధ్యలోనే దీన్ని పట్టుకోవచ్చు. కింద తెల్ల కాగితం పరిచి తిప్పండి. కార్బన్ రాలితే నల్లటి పొడి, కొంచెం మెరుపున్నా వేళ్ల మధ్య నలిపితే పిండి అయిపోతుంది. అందులో వెండి రంగు దారపు పోగు ఒక్కటి కనిపించినా పన్ను లోహాన్ని తింటోందని అర్థం. గ్రూవ్ అడుగు నుంచి వచ్చిన పోగైతే ఒత్తిడి ఎక్కువైందని, గోడ నుంచి వచ్చిందైతే పన్ను సైజు తప్పని. గోడ నుంచి వచ్చిన పోగు వెంట్రుకలా సన్నగా, పొడవుగా, మెలితిరిగి ఉంటుంది. అది కనిపించిన క్షణం టూలు తీసేయాలి.

నేను చేసుకున్న మార్పు ఇది. ఆటోనగర్‌లో టూల్ గ్రైండింగ్ చేసే చోట సర్ఫేస్ గ్రైండర్ మీద 1/16 పన్నును రెండు పక్కలా సమానంగా అరగదీసి 1.46 మి.మీ.కు తెచ్చాను. చేతి గ్రైండర్ మీద ఈ పని వద్దు, పక్కలు సమాంతరంగా రావు. ఇంకోటి, పన్ను వేడికి నీలం తిరిగితే గట్టిదనం పోతుంది, నాలుగు పిస్టన్లకే మొద్దుబారుతుంది. కాబట్టి చల్లార్చుకుంటూ తీయాలి. తర్వాత ఆయిల్ స్టోన్‌తో పక్కలు నునుపు చేసి, ముందు మూలలు రెండూ చాలా కొద్దిగా గుండ్రం చేయాలి. గ్రూవ్ అడుగు మూల అసలే కాస్త గుండ్రంగా ఉంటుంది. పదునైన మూల ఉన్న పన్ను అక్కడ గీత పెడితే, ఆ గీత నుంచే పిస్టన్‌కు క్రాక్ మొదలవుతుంది. ఈ మార్పు తర్వాత ఆ టూలు మీద నాకు గౌరవం పెరిగింది. 1/8 పన్నును కూడా 2.95కు తీయించుకోవచ్చు కానీ అప్పుడు అంగుళాల డిజైన్ పాత ట్రాక్టర్ ఇంజిన్లకు పన్ను లేకుండా పోతుంది. రెండో చక్రం దొరికితే అప్పుడు చేయించండి.

వేగం గురించి ఇదివరకు పిస్టన్‌కు మూడు నిమిషాలు చాలని అందరికీ చెబుతూ వచ్చాను. ఆ మూడు నిమిషాలు గీకడానికే. వెర్నియర్‌తో పన్ను కొలిచి, రింగు వెడల్పు కొలిచి, రెండు చుట్లు తిప్పి గాలి కొట్టి చూసి, మళ్లీ రెండు చుట్లు తిప్పి, చివర కొత్త రింగు చుట్టూ దొర్లించి బిగువు చూడటం, ఇవన్నీ కలిపితే పదిహేను నిమిషాలవుతుంది. ఆ పదిహేనులో ఏదీ వదలడానికి లేదు.

డీజిల్ పిస్టన్ల దగ్గరికి వస్తే ఇబ్బంది తిరగబడుతుంది. అక్కడ పన్నే దెబ్బ తింటుంది. చాలా డీజిల్ పిస్టన్లలో పై గ్రూవ్ అల్యూమినియం కాదు, పోత పోసేటప్పుడే లోపల పెట్టిన నికెల్ కలిసిన ఇనుప చుట్టు. అయస్కాంతం పెట్టి చూద్దామనుకుంటే అది అంటుకోదు, ఆ ఇనుము రకం అలాంటిది. పిస్టన్ పక్కన తుడిచి వెలుతురులో చూస్తే తెల్లటి అల్యూమినియం మధ్య మసక బూడిద రంగు పట్టీలా కనిపిస్తుంది. అక్కడ హ్యాండిల్ గట్టిగా నొక్కితే పన్ను కొస విరిగి గ్రూవ్‌లో ఉండిపోతుంది. పిస్టన్‌ను ముందు రాత్రి డీజిల్‌లో నానబెట్టి, ఉదయం చాలా తేలిగ్గా తిప్పాలి.

కీస్టోన్ గ్రూవ్‌లో, అంటే గోడలు ఏటవాలుగా ఉండే గ్రూవ్‌లో, ఈ టూలు అసలు పెట్టకూడదు. పన్ను పక్కలు నిటారు, గోడలు వాలు. అడుగుకు సరిపోయే పన్ను పెడితే గోడల కార్బన్ అలాగే ఉంటుంది, పైకి సరిపోయేది పెడితే అడుగు మూలలు తెగుతాయి. పాత కీస్టోన్ రింగును విరిచి, ఆ ముక్కతోనే గీకడం ఒక్కటే మంచి దారి. దాని వాలు, గ్రూవ్ వాలు ఒకటే కదా.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లకు కూడా ఇది తీయను. పిస్టన్ 50 మి.మీ.యే, నా టూలు దవడలు దాని మీద సరిగా కూర్చోవు. అంతకంటే ముఖ్యంగా గ్రూవ్‌లో రింగు తిరగకుండా ఆపే చిన్న పిన్ను ఉంటుంది. తిరిగే పన్ను దాన్ని గుద్దితే పన్ను విరగొచ్చు, లేదా పిన్ను వదులై ఇంజిన్ నడిచేటప్పుడు ఊడొచ్చు. రెండోది జరిగితే సిలిండర్ గోడకున్న రంధ్రంలో (పోర్టులో) చిక్కుకుని సిలిండర్‌నే గీరేస్తుంది.

విరిచిన రింగు గురించి ఇంకో మాట. అదే ఇంజిన్‌లోంచి తీసిన పాత పోత ఇనుప రింగు ముక్క సైజు విషయంలో ఎప్పుడూ తప్పదు, ఎందుకంటే అది ఆ గ్రూవ్‌లోంచే వచ్చింది. కొసను ఉలిలా నూరి, పక్క అంచుల మీది గరుకు ఆయిల్ స్టోన్‌తో తీసి, పట్టుకునే వైపు టేపు చుట్టుకోవాలి. లేకపోతే వేలు తెగుతుంది. ఉక్కు రింగులు చేత్తో విరగవు, వంగుతాయి, వాటితో తంటాలు వద్దు. 1.2, 1.0 మి.మీ. రింగులున్న కొత్త కార్ల పిస్టన్లకు ఈ చక్రంలో సరిపడే పన్నే లేదు. కొన్నింటిలో పై గ్రూవ్ గోడలకు గట్టి యానోడైజింగ్ పూత కూడా ఉంటుంది, ఇనుము తగిలితే పోతుంది. వాటికి నానబెట్టడం, నైలాన్ బ్రష్, వెదురు పుల్ల, ఓపిక.

నానబెట్టడమంటే బ్లాకులు కడిగే కాస్టిక్ ట్యాంకులో పడేయడం కాదు. కాస్టిక్ అల్యూమినియాన్ని కరిగిస్తుంది, బుడగలు కక్కుతూ పిస్టన్ నల్లబడుతుంది, గ్రూవ్ గోడలు తినేస్తుంది. గాజు పూసలతో బ్లాస్టింగ్ కూడా గ్రూవ్‌లకు వద్దు. మూలల్లో ఇరుక్కున్న పూస ఒక్కటి చాలు బోరును గీరడానికి. ఆయిల్ గ్రూవ్ వెనకున్న రంధ్రాలు పూడుకుని ఉంటే అదే సైజు డ్రిల్ బిట్‌ను వేళ్లతో తిప్పితే చాలు, మిషన్‌కు పెట్టొద్దు.

గ్రూవ్‌ను వెడల్పు చేసి, రింగు పైన ఉక్కు స్పేసర్ వేసే చేతి కటింగ్ టూలు కూడా వాడాను. స్పేసర్ మందం సుమారు 0.6 మి.మీ. కాబట్టి గ్రూవ్ అంత మేరకు కోయాలి. చుట్టుకు చాలా కొద్దిగా మాత్రమే ముందుకు జరపాలి. అల్యూమినియం పన్నుకు అంటుకుంటుంది కాబట్టి కిరసనాయిలు పూస్తూ ఉండాలి. కోసిన గోడ అద్దంలా రావాలి, మెట్టు తగిలితే స్పేసర్ కూర్చోదు. గ్రూవ్ కోసినంత మేరా పక్కనున్న ల్యాండ్, అంటే గ్రూవ్‌ల మధ్య గట్టు, పలచబడుతుంది కాబట్టి మందపాటి ల్యాండ్‌లున్న పాత పిస్టన్లకే ఇది. కొత్త కిట్టు దొరికే ఇంజిన్‌కు ఈ శ్రమ దండగ. పిస్టన్ ఎక్కడా దొరకని పాత స్టేషనరీ ఇంజిన్లకు, పంపుసెట్లకు మాత్రం ప్రాణం పోస్తుంది.

మళ్లీ మొదటి టూలు దగ్గరికొస్తే, రెండు, నాలుగు మి.మీ. గ్రూవ్‌లున్న డీజిల్ పిస్టన్లు, పాత అంగుళాల ఇంజిన్లు ఎక్కువగా వచ్చే షెడ్డు కాబట్టి నాకు గిట్టుబాటవుతోంది. దగ్గర్లో పన్ను అరగదీసే గ్రైండింగ్ షాపు కూడా ఉంది. ఆ రెండూ లేకుండా వారానికో పెట్రోల్ కారు ఇంజిన్ చేసేవాళ్లైతే విరిచిన రింగుతోనే కానివ్వండి. కొని తీరాలనిపిస్తే మాత్రం ఇంటికి తెచ్చిన రోజే వెర్నియర్ తీసి ఒక్కో పన్నూ కొలిచి, మిల్లీమీటర్ల అంకెను పన్ను పక్కన పెయింట్ పెన్నుతో రాసుకోండి. చక్రం మీద ముద్రించిన భిన్నాల వైపు ఇక చూడొద్దు.