ఫోను, యాప్, ఎక్స్, ప్రజావాణి, ఆర్టీఐ: నగరంలో ఫిర్యాదుకు ఏది మేలు?

మ్యాన్‌హోల్ పొంగి మురుగు గుమ్మం దాకా వచ్చింది. లేదా నెల రోజులుగా వీధి లైటు వెలగడం లేదు. లేదా మొన్న వేసిన రోడ్డు ఒక్క వానకే లేచిపోయింది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు దీన్ని చెప్పుకోవడానికి ఐదు దారులున్నాయి: కాల్ సెంటర్, జీహెచ్ఎంసీ యాప్, ఎక్స్ (పాత ట్విట్టర్), సోమవారం ప్రజావాణి (అధికారులు ఎదురుగా కూర్చుని అర్జీలు తీసుకునే కార్యక్రమం), చివరగా సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు. చాలామంది అలవాటైన ఒక్కదాన్నే పట్టుకుని, పని కాకపోతే "వీళ్లింతే" అని వదిలేస్తారు. కానీ ఈ ఐదూ ఒకే పనికి పుట్టినవి కావు.

వీటిని తూచడానికి మేం వాడే కొలత ఒకటుంది. గడువు దాటిన మర్నాడు ఏమవుతుంది? ఎవరికి నష్టం? తెలంగాణలో 2020 నవంబరులో వచ్చిన టీఎస్-బీపాస్ విధానాన్నే చూడండి. పెద్ద భవనాల అనుమతి దరఖాస్తు మీద 21 రోజుల్లో ఏ సంగతీ తేల్చకపోతే, అనుమతి ఇచ్చినట్టే లెక్క. అంటే అధికారి ఫైలు తొక్కిపెట్టినా దరఖాస్తుదారుకు నష్టం లేదు, జవాబు చెప్పుకోవాల్సింది అధికారే. ఆన్‌లైన్ అంటే ఇదీ. కాగితం మీద ఉన్న ఫారాన్ని తెర మీదికి ఎక్కించినంత మాత్రాన జవాబుదారీతనం రాదు. ఫిర్యాదుకున్న ఈ ఐదు దారుల్లో గడువు దాటితే ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

అంతకంటే ముందు, అది ఎవరి పనో తేల్చుకోవాలి. సగం ఫిర్యాదులు చచ్చేది ఇక్కడే. మురుగు పైపు, మ్యాన్‌హోల్, కుళాయి నీళ్లు జలమండలి (నగర నీటి సరఫరా, మురుగు బోర్డు)వి. వాన నీటి కాలువ, చెత్త, వీధి లైటు, కాలనీ రోడ్డు జీహెచ్ఎంసీవి. తెగి వేలాడే కరెంటు తీగ, ట్రాన్స్‌ఫార్మర్ డిస్కం, అంటే కరెంటు సరఫరా సంస్థవి. పెద్ద రోడ్లలో కొన్ని ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ)వి, కొన్ని జాతీయ రహదారుల సంస్థవి. రోడ్డు మీద నల్లటి నీళ్లు నిలిస్తే అది మురుగా, వాన నీరా అని దగ్గరికెళ్లి చూడాలి. దుర్వాసన వస్తూ, వాన లేని రోజు కూడా పొంగుతుంటే మ్యాన్‌హోల్ పూడిందని అర్థం, జలమండలికి చెప్పాలి. వాన పడ్డప్పుడే నిలుస్తుంటే నాలా పూడిందన్నమాట, జీహెచ్ఎంసీకి చెప్పాలి. ఒకరిది ఇంకొకరికి చెబితే "మా పరిధి కాదు" అని రాసి మూసేస్తారు. మూసేసిన ఫిర్యాదు లెక్కల్లో పరిష్కారమైనట్టే ఉంటుంది.

ప్రాణం మీదికి వచ్చే వాటికి ఫోనే మేలు, ఇందులో రెండో మాట లేదు. మూత లేని మ్యాన్‌హోల్, తెగిపడ్డ తీగ, రోడ్డుకు అడ్డంగా కూలిన చెట్టు లాంటివి యాప్‌లో పెట్టి కూర్చోకూడదు. జీహెచ్ఎంసీకి 040-21111111, జలమండలికి 155313, కరెంటుకు 1912. మాట్లాడే ముందు మూడు వివరాలు చేతిలో ఉంచుకోండి: అందరికీ తెలిసిన ఒక గుర్తు (గుడి, బడి, మెడికల్ షాపు), దగ్గర్లోని కరెంటు స్తంభం మీది నంబరు, జలమండలి పని అయితే నీటి బిల్లు మీది క్యాన్ నంబరు. ఫోను పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. నంబరు లేని ఫోను గాలికి చెప్పినట్టే. ఫోనుకున్న లోపం కూడా ఇదే: అవతలివాళ్లు ఏం రాసుకున్నారో మనకు కనబడదు. మీరు "మూత లేదు" అంటే వాళ్లు "మ్యాన్‌హోల్ రిపేరు" అని ఎక్కించొచ్చు. అప్పుడది అత్యవసరం కాస్తా మామూలు వరుసలోకి పోతుంది.

రోజువారీ సమస్యలకు, అంటే చెత్తకుప్ప, గుంత, లైటు లాంటివాటికి, యాప్ బాగా పనిచేస్తుంది. ఫొటో, చోటు, తేదీ, నంబరు నాలుగూ ఒక్కచోట పడతాయి. అయితే పెట్టే తీరు తెలియాలి.

ఒక ఫిర్యాదులో ఒక్క సమస్యే పెట్టండి. "చెత్త తీయట్లేదు, లైటు లేదు, రోడ్డు గుంతలు" అని మూడూ కలిపి రాస్తే అది పారిశుద్ధ్య విభాగానికి పోతుంది. వాళ్లు చెత్త ఎత్తి ఫిర్యాదు మూసేస్తారు, లైటూ గుంతా అందులోనే సమాధి అయిపోతాయి. మూడు సమస్యలైతే మూడు నంబర్లు తెచ్చుకోవాలి.

ఫొటోలు రెండు కావాలి. ఒకటి దగ్గర్నుంచి, గుంత లోతు తెలిసేలా. పక్కన ఒక ఇటుకో చెప్పో పెడితే కొలత తెలుస్తుంది. రెండోది దూరం నుంచి, వెనకాల దుకాణం బోర్డో అపార్ట్‌మెంట్ పేరో కనబడేలా. దగ్గరి ఫొటో ఒక్కటే పెడితే ఏ గుంతైనా ఒకేలా ఉంటుంది. పని చేయనివాళ్లకు అదే సందు. ఇంకో సంగతి, వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటోను ఎక్కించకండి. వాట్సాప్ దాటేసరికి ఫొటోలో దాగి ఉండే తేదీ, చోటు వివరాలు తొలగిపోతాయి. అక్కడే నిలబడి తీయండి. తేదీ, చోటు ఫొటో మీదే ముద్రించే జీపీఎస్ కెమెరా యాప్ అయితే ఇంకా మంచిది.

మ్యాప్ మీద గుర్తును చేత్తో సరిచేయండి. పొడవాటి అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుకు సందుల్లో జీపీఎస్ పది ఇరవై మీటర్లు పక్కకు చూపిస్తుంది. వార్డు హద్దు దగ్గర ఉన్న వీధి అయితే ఆ ఇరవై మీటర్లకే ఫిర్యాదు పక్క సర్కిల్‌కు పోతుంది, అక్కణ్నుంచి తిరిగొచ్చేసరికి వారం గడుస్తుంది.

ఇక యాప్‌కున్న అసలు జబ్బు. పని కాకుండానే "పరిష్కరించాం" అని ఎస్ఎంఎస్ వస్తుంది. ఎన్ని ఫిర్యాదులు మూశారన్నదే సమీక్షల్లో లెక్క కాబట్టి, కింది ఉద్యోగికి గుంత పూడ్చడం కంటే ఫిర్యాదు మూయడం ముఖ్యమైపోతుంది. ఇందులో తప్పు కింది ఉద్యోగి ఒక్కడిదే కాదు. సంచి తారు కూడా అందుబాటులో లేని ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు) గడువు మాత్రం నలభై ఎనిమిది గంటలని పెడితే అతను చేయగలిగేది అదే. కానీ మన చేతిలో ఉన్న మందు ఒకటుంది: ఆ ఎస్ఎంఎస్ వచ్చిన రోజే, అదే చోట, అదే కోణంలో మళ్లీ ఫొటో తీయండి. ఫిర్యాదును తిరిగి తెరిచే వీలుంటే తెరవండి. లేకపోతే కొత్తది పెట్టి, మొదటి వాక్యంలోనే "ఫలానా నంబరు ఫిర్యాదును పని చేయకుండా ఫలానా తేదీన మూశారు" అని రాయండి. ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకోండి: పెట్టిన తేదీ, నంబరు, మూసిన తేదీ, ఆ రోజు అక్కడి పరిస్థితి. ఈ పుస్తకం తర్వాత ఆర్టీఐలో బంగారంలా పనికొస్తుంది.

యాప్‌ది ఇంకో లోపం, దీని గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. మీ ఫిర్యాదు మీకూ వాళ్లకూ తప్ప ఎవరికీ కనబడదు. అదే వీధిలో పదిమంది అదే గుంత గురించి పెట్టారో లేదో తెలియదు. బ్రిటన్‌లో 2007 నుంచి నడుస్తున్న ఫిక్స్‌మైస్ట్రీట్‌లో ప్రతి ఫిర్యాదూ మ్యాప్ మీద అందరికీ కనిపిస్తుంది. పక్కింటాయన చూసి తన మాటా కలపొచ్చు. న్యూయార్క్ నగరం 2003లో 311 నంబరు పెట్టింది. 2010 నుంచి వచ్చిన ఫిర్యాదుల జాబితాను, ఏ శాఖకు పోయింది, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు మూశారు అన్న వివరాలతో సహా ఎవరైనా దించుకునేలా పెట్టింది. ఏ పేటలో ఫిర్యాదులు ఎక్కువ రోజులు నానుతున్నాయో ఒక కాలేజీ కుర్రాడు కూడా లెక్కగట్టి చూపించగలడు. మన నగరాల యాప్‌లకు కావాల్సింది కొత్త రంగులూ బొమ్మలూ కాదు, ఈ జాబితా. వార్డుల వారీగా దాన్ని బయటపెడితే దొంగ మూసివేతలు వాటంతట అవే తగ్గుతాయి.

ఈ లోటునే ఎక్స్ కొంత పూడుస్తుంది. బహిరంగంగా పెట్టిన ఫొటోకు పెద్ద అధికారులు గంటలో జవాబిచ్చిన సందర్భాలూ ఉంటాయి. కానీ అక్కడ గడువు లేదు, చట్టం లేదు. మర్నాడు ఏమవుతుందంటే, పోస్టు కిందికి జారిపోతుంది, అంతే. ఖాతాకు అనుచరులు ఎక్కువున్నవాళ్ల వీధి బాగుపడుతుంది, ఫోనులో ఎక్స్ అంటే ఏమిటో తెలియని బస్తీ వీధి అలాగే ఉంటుంది. ఇది మాకు నచ్చని విషయం. అందుకే మొదటి అడుగుగా ఎక్స్ వద్దంటాం. యాప్‌లో గడువు దాటాక, ఫిర్యాదు నంబరు, రెండు తేదీలు, రెండు ఫొటోలతో పెడితే మాత్రం దానికి బలముంటుంది. ఫోను నంబరు, ఇంటి నంబరు బహిరంగంగా రాయకండి. అడిగితే నేరుగా సందేశంలో పంపండి.

ప్రజావాణి సోమవారాల్లో జరుగుతుంది. ఆన్‌లైన్ చేతకానివాళ్లకు, పదిమంది కలిసి వెళ్లాల్సిన విషయాలకు (కాలనీ పార్కు కబ్జా, అనుమతి లేని అంతస్తు) ఇది పనికొస్తుంది. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. పాత ఫిర్యాదు నంబర్లు అందులో ఉండాలి, లేకపోతే మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడతారు. గుంతకూ చెత్తకూ ఒక పూట కూలి పోగొట్టుకుని ఇక్కడికి రావడం దండగ.

మిగిలింది ఆర్టీఐ. ఇది గుంత పూడ్చదు. కానీ ఈ ఐదింట్లో గడువు దాటితే అధికారి జేబుకు చిల్లు పడేది ఇదొక్కటే. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 దాకా ఆ పౌర సమాచార అధికారి మీద జరిమానా వేసే అధికారం సమాచార కమిషన్‌కు ఉంది. పైగా "మా పరిధి కాదు" అన్న మాట ఇక్కడ చెల్లదు: సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లోగా వాళ్లే సరైన శాఖకు పంపాలి. యాప్‌లో ఫిర్యాదును చంపే మాటే ఇక్కడ అధికారికి పని పెడుతుంది.

రుసుము 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపో, పోస్టల్ ఆర్డరో జతచేయొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉంటే దాని నకలు పెడితే రుసుము అక్కర్లేదు. స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అడిగే తీరులోనే అంతా ఉంది. "రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఈ చట్టం కింద ఇచ్చేది రికార్డులే, కారణాలూ అభిప్రాయాలూ కావు. ఇలా అడగండి:

"ఫిర్యాదు నంబరు ఫలానా దానిపై తీసుకున్న చర్య నివేదిక నకలు. ఆ ఫిర్యాదు ఏ తేదీన ఏ హోదా గల అధికారికి చేరిందో చూపే వివరాల నకలు. మూసేటప్పుడు జతచేసిన ఫొటో నకలు. ఫలానా వీధిలో గత రెండేళ్లలో జరిగిన రోడ్డు పనుల అంచనా, ఒప్పందం, ఎంబీ పేజీల నకళ్లు."

ఎంబీ అంటే మెజర్‌మెంట్ బుక్. పని ఎంత పొడవు, ఎంత మందం జరిగిందో కొలిచి అందులో రాశాకే కాంట్రాక్టరుకు బిల్లు అవుతుంది. పుస్తకంలో 50 మిల్లీమీటర్ల మందం అని ఉండి, లేచిపోయిన అంచు దగ్గర స్కేలు పెడితే 25 వస్తే, ఇక వాదన అవసరం లేదు. ఒప్పందంలో లోపాల బాధ్యత గడువు ఉంటుంది. అది ముగియకపోతే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో మళ్లీ వేయాలి.

30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారికి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. తెలంగాణ కమిషన్‌లో 2023లో పదవీకాలాలు ముగిశాక 2025 మే దాకా కొత్త నియామకాలు జరగలేదు. తీర్పు చెప్పేవాళ్లే లేని కాలంలో చట్టం పళ్లు ఊడిన పులి. అయినా మొదటి దరఖాస్తుకే కదలిక వచ్చే చోట్లు చాలా ఉన్నాయి, ఎందుకంటే రికార్డు బయటికి వస్తుందన్న భయం జరిమానా భయం కంటే పెద్దది.

ఆంధ్రప్రదేశ్ నగరాల్లో లెక్క కొంచెం వేరు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ (95523 00009) పన్నులు, బిల్లులు, ధ్రువపత్రాలకు చక్కగా సరిపోతుంది. యాప్ దించుకునే పనే లేదు. కానీ విజయవాడ, గుంటూరు, విశాఖల్లో వీధి సమస్యకు దానికంటే దగ్గరి దారి ఉంది: వార్డు సచివాలయం. అక్కడ పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శి, నీళ్లు, లైట్లు, రోడ్లకు ఎమినిటీస్ కార్యదర్శి, అనుమతులకు ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఆ పని నీదే అని వేలెత్తి చూపగలిగే మనిషి ఉండటం హైదరాబాద్‌వాళ్లకు లేని వెసులుబాటు. ముందు కార్యదర్శికి చెప్పి, ఆన్‌లైన్‌లో నమోదు చేయించి, నంబరు చేతిలో పడ్డాకే కుర్చీలోంచి లేవండి. కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికకు ఆ నంబరుతోనే వెళ్లండి.