లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్టులో 250 రూపాయలకి దొరికిన జవాబు

నేను గుంటూరులో ఏఎన్ఎంని. బుధవారం, శనివారం పిల్లలకి టీకాలేస్తాను. వాళ్లని ఎత్తుకొచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు తరచూ అనే మాట ఒకటుంది: "మా పెద్దోళ్ల కాలంలో ఈ సూదులున్నాయా? నిక్షేపంగా నూరేళ్లు బతకలేదూ?" దానికి జవాబు విజయవాడ లెనిన్ సెంటర్‌లో దొరికింది.

కొట్టు ముందంతా గ్రూప్స్, డీఎస్సీ గైడ్లే. చూసి వెనక్కి తిరగకండి. లోపల కింది అరలో ఇంగ్లిషు చరిత్ర పుస్తకాలుంటాయి. అట్ట ఊడిన జనాభా చరిత్ర పుస్తకం ఒకటి తీశాను. 400 అన్నారు, బేరమాడితే 250కి వచ్చింది. కొనకముందే స్టూలు వేసి, "చదువుకోండమ్మా, తొందరేం లేదు" అన్నారు. ఈ మర్యాద నేను మరే షాపులోనూ చూడలేదు.

ఆ స్టూలు మీదే ఒక లెక్క చదివాను. లండన్ బట్టల వ్యాపారి జాన్ గ్రాంట్ 1662లో వేసింది. అక్కడ వారం వారం అచ్చేసే చావుల చిట్టాల్లో వయసు రాసేవారు కాదు. మూర్ఛ, నులిపురుగులు, పళ్లు రావడం అంటూ వాటిలో రాసిన కారణాలను బట్టి పోయింది పసివాళ్లేనని ఆయన లెక్కగట్టాడు. 100 మంది పుడితే ఆరేళ్లకి మిగిలేది 64 మందట. "పళ్లు" అన్నచోట నా వేలు ఆగిపోయింది. మొన్ననే పళ్లొస్తున్న బాబుకి ఒళ్లు వెచ్చబడిందని ఓ తల్లి వచ్చి, సిరప్ తీసుకుని వెళ్లింది.

1500-1800 మధ్య ఇంగ్లండులో సగటు ఆయుష్షు 35 ఏళ్లకి అటూ ఇటూ. అంటే ముప్పై అయిదుకే అందరూ పోయారని కాదు. మా నాయనమ్మ పేరు పుల్లమ్మ. ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది తిరక్కుండానే పోతే, ఈ పిల్లయినా దక్కాలని పుల్లాకుల మీద, అంటే ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి ఆ పేరు పెట్టారట. ఆమె 88 ఏళ్లు బతికింది. నలుగురికీ సగటు తీస్తే 22 చిల్లర. నూరేళ్ల కబుర్లన్నీ నాయనమ్మని చూసి చెప్పుకున్నవే. ఆ ముగ్గురి పేర్లు ఇంట్లో ఎవరికీ తెలియవు.

గ్రాంట్ లెక్క ఉన్న పేజీ జిరాక్స్ తీయించి టీకాల రిజిస్టరు అట్టకి అంటించాను. అడిగినవాళ్లకి వేలు పెట్టి చూపిస్తున్నాను.

లోపాలూ ఉన్నాయి. చివరి ఇరవై పేజీలు చెదలు తినేశాయి, ముందు చెప్పలేదు. మళ్లీ వెళ్లి చూపిస్తే 50 వెనక్కిచ్చారు. బిల్లు ఇవ్వరు. లోపల ఒకటే బల్బు, సాయంత్రం ఆరులోపే వెళ్లండి. డబ్బులిచ్చే ముందు చివరి పేజీలు కూడా తిరగేసి చూసుకోండి.