ఈస్ట్‌ను పస్తు పెట్టడానికి: అమోనియం సల్ఫేట్ లేని వైఎన్‌బీ పొడి

బెంగళూరు ల్యాబుల్లో ఈస్ట్ ఆటోఫేజీ (కణం తన భాగాలను తానే అరిగించుకోవడం) మీద పనిచేసే మన తెలుగు విద్యార్థులు నిశ్చింతగా తెప్పించుకోదగ్గ పొడి ఇది. వైఎన్‌బీ అంటే ఈస్ట్ నైట్రోజన్ బేస్, ఈస్ట్ పెంచే మీడియంకు మూలమైన పొడి; నైట్రోజన్ అందక పస్తున్నప్పుడే ఆటోఫేజీ ఊపందుకుంటుంది. అయితే డబ్బా మీద రెండు మాటలూ ఉండాలి: అమైనో ఆమ్లాలు లేవు, అమోనియం సల్ఫేట్ కూడా లేదు. మొదటి మాటే ఉంటే అది వేరే పొడి. లీటరుకు 1.7 గ్రాములు వేయమంటే సరైనది; 6.7 గ్రాములంటే అందులో 5 గ్రాములు అమోనియం సల్ఫేటే. ఆ నైట్రోజన్ ఈస్ట్‌కు సరిపోతుంది. పోషకాలను పసిగట్టే టార్క్1 సముదాయం చురుగ్గా ఉండి, ఆటోఫేజీకి కావలసిన ఏటీజీ13 ప్రొటీన్‌కు ఫాస్ఫేట్లు తగిలిస్తూనే ఉంటుంది, ఆటోఫేజీ ఊపందుకోదు.

వాడకం తేలికే. లీటరుకు 17 గ్రాముల చొప్పున పదింతల చిక్కటి ద్రావణం చేసి 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి. గ్లూకోజ్ విడిగా ఆటోక్లేవ్ చేసి, చివరికి 2 శాతం ఉండేలా కలపాలి. గ్లూకోజ్ మానేయకండి: నైట్రోజన్‌తో పాటు దాన్నీ ఒక్కసారిగా తీసేస్తే ఆటోఫేజీ దెబ్బతింటుంది. ఓడీ (కణాల సాంద్రత చూపే కొలత) 0.8–1 దగ్గర కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి, స్టెరైల్ నీటితో రెండుసార్లు కడిగి, ఈ మీడియంలో 30 డిగ్రీల దగ్గర 4 గంటలు షేకర్‌లో ఉంచాలి. కడగడంలో తొందరపడితే పాత మీడియంలోని పెప్టోన్ (నైట్రోజన్ ఇచ్చే పోషకం) మిగిలిపోతుంది, తప్పు పొడి మీదికి పోతుంది.

పొడి సరైనదైతే టార్క్1 నెమ్మదించి, ఏటీజీ13 మీది ఫాస్ఫేట్లు ఊడి, ఏటీజీ1 కైనేజ్ (ఫాస్ఫేట్లు తగిలించే ఎంజైమ్) సముదాయం వాక్యూల్ (కణంలోని అరుగుదల సంచి) పక్కన చేరుతుంది. ఏటీజీ8 ప్రొటీన్‌కు మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్ తగిలించి చేసే జీఎఫ్‌పీ-ఏటీజీ8 బ్లాట్‌లో (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్షలో) 27 కిలోడాల్టన్ల దగ్గర విడి జీఎఫ్‌పీ గీత గంటగంటకూ చిక్కబడాలి. ఏటీజీ1 లేని స్ట్రెయిన్‌లో (ఈస్ట్ రకంలో) అది రాకూడదు. గీత రాకపోతే, మామూలు మీడియంలోనే మిల్లీలీటరుకు 0.2 మైక్రోగ్రాముల రాపమైసిన్ (టార్క్1ను ఆపే మందు) వేసి చూడండి. అప్పుడు వస్తే లోపం పొడిలోనో కడగడంలోనో ఉంది. అప్పుడూ రాకపోతే స్ట్రెయిన్‌నూ యాంటీబాడీనీ అనుమానించాలి.

బ్లాట్‌తో ఆపేయకుండా మైక్రోస్కోప్‌లోనూ చూడమని నా సలహా. వాక్యూల్‌లో అరుగుదలకు కావలసిన పీఈపీ4 లేని స్ట్రెయిన్‌ను పస్తు పెడితే, అరగని ఆటోఫేజిక్ బాడీలు (ఆటోఫేజీ మోసుకొచ్చిన చిన్న సంచులు) వాక్యూల్ లోపల గిరగిరా కదులుతూ కనిపిస్తాయి. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి బృందం 1992లో ప్రచురించినది ఇలాంటి దృశ్యమే. ఆటోఫేజీ పరిశోధనకే ఆయనకు 2016లో నోబెల్ వచ్చింది. ఎంత చదివినా అది కళ్లారా చూడటం వేరు.

లోపం ఒక్కటే, తేమ. ఇక్కడి వానాకాలంలో మూత వదులైతే గడ్డకట్టి తూకం తప్పుతుంది. పెద్ద డబ్బా వద్దు. 100 గ్రాములతోనే 58 లీటర్ల మీడియం వస్తుంది. సొంతంగా కలుపుకుందామనీ అనుకోవద్దు, లీటరుకు 2 మైక్రోగ్రాముల బయోటిన్ (ఒక విటమిన్) లాంటివి తూచడం పెద్ద తలనొప్పి.